నల్లమలకు వెళ్తున్నారా? పిల్లలకు ముందే చెప్పాల్సిన సంగతులు



సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని వైపు నుంచి చాలా కుటుంబాలు ఈ సెలవుల్లో శ్రీశైలం వెళ్తాయి. మల్లన్న దర్శనం, పాతాళగంగ రోప్‌వే, డ్యామ్ దగ్గర ఒక ఫోటో, తిరుగు ప్రయాణం. ఈ రాకపోకల్లో మన కారు గంటల తరబడి నల్లమల అడవి మధ్య నుంచే వెళ్తుంది. ఆ సమయంలో వెనక సీట్లో పిల్లలు ఫోన్ చూస్తుంటారు, లేదా నిద్రపోతుంటారు. దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకదాన్ని దాటి వచ్చామని చాలామందికి తెలియదు. ఆ అడవిలో తరతరాలుగా మనుషులు కాపురాలు ఉంటున్నారని ఇంకా తక్కువమందికి తెలుసు.

ఈసారి మీ ప్రయాణంలో ఒక రోజు అడవికి కేటాయించమని కోరుతున్నాను. అక్కడ ఏం చూడాలి, ఎవరిని కలవాలి, ఎలా మెలగాలి అన్నదే ఈ వ్యాసం.

మన తుంగభద్ర చేరే చోటు

మనది చెట్టు తక్కువ నేల. పత్తి, ఉల్లి, వేరుశనగ చేలు, నల్లరేగడి, మధ్యలో తుమ్మచెట్లు. అందుకే మన పిల్లలకు అడవి అంటే టీవీలో కనిపించేదే. కానీ నల్లమలకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. మన మండలం అంచున పారే తుంగభద్ర కర్నూలు దాటి కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లే శ్రీశైలం జలాశయంలో చేరి నల్లమల కొండల మధ్య నిలుస్తాయి. మ్యాప్‌లో నది మీద వేలు పెట్టి నాగలదిన్నె నుంచి శ్రీశైలం దాకా గీయమని మీ బాబుకో పాపకో చెప్పండి. ప్రయాణానికి అంతకన్నా మంచి పరిచయం లేదు.

నల్లమల తూర్పు కనుమల్లో భాగం. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. దాని పేరు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతల ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. మన వైపు మిగిలిందే 3,000 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. 2022 జాతీయ పులుల గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు ఉన్నట్టు తేలింది. అంతకుముందు 2018 గణనలో 48.

పులి కనిపించకపోతే?

సఫారీకి వెళ్లే ముందు పిల్లలకు ఒక మాట చెప్పి ఉంచండి: పులి కనబడటం అరుదు. పులి కోసమే వెళ్తే నిరాశతో తిరిగి వస్తారు. అడుగుజాడ కనిపించినా గొప్పే. దుప్పులు, కణితులు, మనుబోతులు, నెమళ్లు కనిపించే అవకాశం ఎక్కువ. చెట్ల పైకొమ్మల్లో గోధుమ, ఎరుపు రంగుల పెద్ద ఉడుత దూకితే అది బెట్టుడుత. చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్కలు, అలుగు కూడా ఈ అడవిలో ఉన్నాయి.

పిల్లలు బాగా ఇష్టపడే సంగతి ఇంకొకటి. మెరిసే నీలి రంగులో ఉండే ఒక పెద్ద సాలీడు ప్రపంచం మొత్తంలో మన ప్రాంతపు అడవుల్లోనే బతుకుతోంది. దాన్ని 1899లో శాస్త్రవేత్తలు మొదటిసారి వర్ణించారు. నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. అందుకే దానికి గూటీ టరంటులా అనే పేరు వచ్చింది. బహుశా కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. ఎందుకంటే దాదాపు వందేళ్ల తర్వాత, 2001లో, అది మళ్లీ దొరికింది నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. ఇప్పుడు అది అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. అందానికి ముచ్చటపడి పెంచుకునేవాళ్లు కొనడం, అడవి తరిగిపోవడం రెండూ దానికి ముప్పే.

చెట్ల విషయానికి వస్తే టేకు, నల్లమద్ది, ఏగి, ఇప్ప, తునికి, మోదుగ, మారేడు, ఉసిరి, వెదురు. ఎండాకాలానికి ఆకు రాల్చే అడవి ఇది. జనవరిలో ఇంకా నీడ ఉంటుంది, పగలు తిరగడానికి హాయిగా ఉంటుంది.

ఈ అడవి ఎవరి ఇల్లు?

నల్లమలలో తరతరాలుగా ఉంటున్నవారు చెంచులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు దాదాపు 64 వేలమంది. 1975లో ప్రభుత్వం వాళ్లను ఆదిమ గిరిజన తెగగా గుర్తించింది. శ్రీశైలంలోని ఐటీడీఏ వాళ్ల కోసమే పనిచేస్తుంది. వాళ్లు ఉండే చోటును గూడెం అనో పెంట అనో అంటారు.

చెంచుల గురించి లోకానికి తెలిపిన పుస్తకాల్లో ముఖ్యమైనది ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించినది. అప్పటికి చాలా కుటుంబాలు గడ్డలు తవ్వుకుని, పండ్లు ఏరుకుని, తేనె తీసుకుని, విల్లంబులతో వేటాడి బతికేవి. ఇప్పుడు వేట చట్టరీత్యా నిషేధం. తేనె, తునికాకు, బంక, కుంకుడుకాయలు వంటివి సేకరించి అమ్ముకోవడం, కూలి పనులు, కొద్దిపాటి వ్యవసాయం, అటవీ శాఖలో కాపలా పని వాళ్ల జీవనాధారాలు. పులుల జాడ తీయడంలో, వేటగాళ్ల ఉచ్చులు కనిపెట్టడంలో అటవీ శాఖ చెంచు వాచర్ల మీదే ఆధారపడుతుంది. ఏ ఆకు నలిగింది, ఏ రాయి కదిలింది అని చూసి చెప్పగలిగే చూపు ఏ కోర్సులోనూ దొరకదు.

తేనె తీసే పద్ధతిని పిల్లలకు కథలా చెప్పవచ్చు. పెద్ద తేనెపట్లు నిట్టనిలువు కొండచరియలకు వేలాడుతుంటాయి. చెంచు తాడు కట్టుకుని పైనుంచి కిందికి దిగి, పొగ పెట్టి ఈగలను తోలి, పట్టు కోస్తాడు. పైన తాడు పట్టుకునేది ఎవరు? బావమరిది. తాడు జారితే పోయేది తన తోబుట్టువు కాపురం కాబట్టి అతను చెయ్యి వదలడని వాళ్ల లెక్క. పట్టులో కొంత భాగాన్ని ఈగలకు వదిలేయడం పెద్దలు నేర్పే పద్ధతి. మళ్లీ ఏడాది అదే కొండకు రావాలి కదా! మనం సైన్స్ క్లాసులో సుస్థిర అభివృద్ధి అని రెండు పేజీల నోట్స్ ఇచ్చే సంగతిని వాళ్లు ఒక్క పనిలో చూపిస్తారు.

దేవుళ్లతో కూడా వాళ్లకు చుట్టరికమే. శ్రీశైల మల్లన్న చెంచు పిల్లను పెళ్లాడాడని, అందుకే ఆయన తమకు అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. అక్కినేని, అంజలీదేవి నటించిన 1958 నాటి చెంచులక్ష్మి సినిమా వాళ్లలో చాలామంది చూసే ఉంటారు. ఆ కథ సినిమాతో ఆగిపోలేదు. ఏటా కనుమ రోజు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకిలో బయలుదేరి దాదాపు 40 రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. తన పెళ్లికి ఊరూరా పిలుపు చెప్పడానికే ఆ తిరుగుడు అంటారు. మొదట్లో చెంచులు పల్లకి వైపు బాణాలు వేయడం ఆచారం. ఈ సెలవుల్లోనే కనుమ ఉంది కాబట్టి అహోబిలం వెళ్లేవారు దీన్ని కళ్లారా చూడవచ్చు.

క్లాసులో వినిపించే జవాబు

"చెంచులంటే ఎవరు?" అని ఆరు, ఏడు తరగతుల్లో అడిగితే ఎక్కువగా వచ్చే జవాబులు మూడు. ఆకులు కట్టుకుంటారు. మనకు అర్థం కాని భాష మాట్లాడతారు. చదువు లేని పాపం వాళ్లు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కార్టూన్లు, సినిమా పాటలు, గైడ్లలోని రెండు మార్కుల ప్రశ్నలు వాళ్లకు ఇచ్చిన బొమ్మ అది.

నిజానికి చెంచుల భాష తెలుగే. యాస వేరు, కొన్ని మాటలు వేరు. అంటే దుబాసీ లేకుండా మన పిల్లవాడు ఒక చెంచు తాతతో నేరుగా మాట్లాడగలడు. అయితే ఇక్కడో చిక్కు ఉంది. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లిష్‌లో ఫోటోసింథసిస్ గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఇంటి ముందున్న చెట్టు పేరు తెలుగులో అడిగితే ఆగిపోతారు. అడవిలో వాళ్లకు పాఠం చెప్పేది తెలుగులో మాట్లాడే మనిషి. అందుకే వెళ్లే ముందు ఒక వారం పాటు వీధిలో కనిపించే చెట్ల పేర్లు తెలుగులో నేర్పించండి. వేప, కానుగ, రేగు, తుమ్మ, చింత, మోదుగతో మొదలుపెట్టండి. ఇంగ్లిష్ మీడియం టీచర్‌గా చెబుతున్నాను: దీనివల్ల ఇంగ్లిష్ తగ్గదు, అడగడానికి ప్రశ్నలు పెరుగుతాయి.

పులి కోసం మనిషి వెళ్లిపోవాలా?

పెద్ద క్లాసుల పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "పులుల అడవిలో మనుషులు ఎందుకుండాలి? బయట ఇళ్లు కట్టిస్తే బాగుంటుంది కదా?" జవాబు తేలిక కాదు. పిల్లలతో రెండు వైపులా మాట్లాడండి.

పులికి మనుషుల అలికిడి లేని అడవి కావాలి. బడి, ఆసుపత్రి, రోడ్డు అడవి లోపలికి రావడం కష్టం. కొన్ని చెంచు కుటుంబాలే బయటికి రావాలని కోరుకుంటాయి. మరోవైపు అడవి వాళ్లకు ఇల్లు, పొలం, గుడి, పూర్వీకుల సమాధి అన్నీ. మన వైపు కుటుంబాలు సుగ్గికి వెళ్లడం పిల్లలు చూస్తూనే ఉంటారు. ఇంటికి తాళం వేసి, పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో దూర జిల్లాలకు పోతారు. పని అయ్యాక తిరిగి వస్తారు. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. అడవి నుంచి ఒకసారి కదిలించిన కుటుంబానికి అలా తిరిగి వచ్చే దారి ఉండదు. ఈ పోలిక చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

చట్టం కూడా ఈ విషయం పట్టించుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో తరాలుగా ఉంటున్నవారికి నేల మీద, అటవీ ఉత్పత్తుల మీద హక్కులు గుర్తించింది. పులుల కోసం ఎవరినైనా కదిలించాలంటే గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలని చెప్పింది. కర్ణాటకలోని బీఆర్‌టీ కొండల్లో ఉండే సోలిగ గిరిజనులకు 2011లో టైగర్ రిజర్వ్ లోపలే సామూహిక అటవీ హక్కులు ఇచ్చారు. పులి, మనిషి కలిసి ఉండే దారి వెతికినచోట్లు ఉన్నాయని చెప్పడానికి అదొక ఉదాహరణ.

మీ బంధువులు ఆస్ట్రేలియాలో ఉంటే ఉలురు గురించి అడగండి. ఆ ఎర్రటి మహాశిల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రస్థలం. 1985 అక్టోబర్ 26న ప్రభుత్వం ఆ నేలను వాళ్ల పేరిట తిరిగి ఇచ్చింది. అక్కడ నేషనల్ పార్క్ కొనసాగుతోంది, నిర్వహణలో వాళ్లూ ఉన్నారు. దయచేసి మా శిల ఎక్కవద్దు అని వాళ్లు ఏళ్ల తరబడి సందర్శకులను అడిగారు. చివరికి 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడాన్ని పూర్తిగా ఆపేశారు. చూడటానికి వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఇంటివాళ్ల మాట విని కింది నుంచి చూసి వెళ్తున్నారు.

ఎలా వెళ్లాలి?

నందవరం నుంచి ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా కర్నూలు. అక్కడి నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం. కర్నూలు నుంచి శ్రీశైలానికే సుమారు 180 కిలోమీటర్లు. ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోకండి, రెండు రోజులు పెట్టుకోండి.

- ఆత్మకూరు దాటాక అడవిలో బైర్లూటి వస్తుంది. అక్కడ అటవీ శాఖ వారి నల్లమల జంగిల్ క్యాంప్ ఉంది. బస, సఫారీ రెండూ దొరుకుతాయి. స్థానిక చెంచు యువకులకు అక్కడ ఉపాధి ఉంది. ముందే బుక్ చేసుకోండి.
- దోర్నాల–శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర కూడా సఫారీ ఉంది.
- శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూడండి. గిరిజనుల పనిముట్లు, ఆయుధాలు, వాయిద్యాలు, విగ్రహాలు ఉంటాయి. అడవికి ముందు ఇది చూస్తే పిల్లలకు ప్రశ్నలు పుడతాయి.
- దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపేస్తారు. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతాయి. పగలే దాటేలా బయలుదేరండి.
- వానాకాలంలో, మామూలుగా జులై నుంచి సెప్టెంబర్ వరకు, సఫారీలు ఉండవు.

అతిథుల్లా మెలగాలి

బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలకు ఏం చెబుతామో ఇక్కడా అదే చెప్పాలి.

- గూడెంలోకి అడగకుండా వెళ్లవద్దు. గైడ్‌నో క్యాంప్ వాళ్లనో అడిగి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి.
- ఫోటో తీసే ముందు అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. పసిపిల్లల ఫోటోలు, ఇళ్ల లోపలి ఫోటోలు అసలే వద్దు.
- చాక్లెట్లు, బిస్కెట్లు, పాత బట్టలు పంచవద్దు. మన ఇంటి గుమ్మంలో ఎవరో వచ్చి మన పిల్లల చేతిలో చిల్లర పెడితే మనకెలా ఉంటుందో ఆలోచించండి. సాయం చేయాలనుకుంటే గైడ్‌కు సరైన రుసుము ఇవ్వండి, గిరిజన సహకార సంస్థ వారి తేనె కొనండి.
- తాతా, అవ్వా, అన్నా, అక్కా అని పిలవడం నేర్పండి. "ఏయ్", "నువ్వు" వద్దు.
- రోడ్డు మీద కోతులకు తిండి వేయవద్దు. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు అడవిలో పడేయవద్దు. తీసుకెళ్లిన చెత్త తిరిగి తెచ్చుకోండి.
- హారన్, పాటలు ఆపేయండి. పది నిమిషాలు అందరూ మౌనంగా కూర్చుని ఎన్ని రకాల చప్పుళ్లు వినిపించాయో లెక్కపెట్టండి.

వెళ్లలేనివారికి దగ్గర్లో ఒక చోటు

అందరికీ రెండు రోజుల ప్రయాణం కుదరదు. మన జిల్లాలోనే తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర ఎర్రగుడి అశోకుని శాసనాలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో చెక్కినవి. వాటిలో పదమూడో శాసనం కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పడిన బాధను చెబుతుంది. మన ఆంధ్రుల పేరు కూడా అందులోనే వస్తుంది. అదే శాసనంలో చక్రవర్తి అడవి ప్రజలనూ ప్రస్తావిస్తాడు. మంచి మాటతో నచ్చజెబుతూనే, తనకు శిక్షించే శక్తి కూడా ఉందని గుర్తుచేస్తాడు. అడవిలో ఉండేవారితో రాజ్యం ఎలా మాట్లాడాలన్న ప్రశ్న 2,200 ఏళ్లకు పైగా మన జిల్లా బండల మీద ఉందన్నమాట. ఆ రాళ్ల ముందు నిలబెట్టి, "అడవివాళ్లు తిరిగి జవాబు రాసి ఉంటే ఏం రాసేవారు?" అని మీ పిల్లలను అడిగి చూడండి.

సెలవుల ప్రాజెక్ట్

ఒక కాగితం మీద మూడు గడులు గీయించండి. మొదటి గడిలో చెట్టు లేదా జంతువు పేరు, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. రెండో గడిలో దానివల్ల ఉపయోగం. మూడో గడిలో ఆ సంగతి ఎవరు చెప్పారు. గైడ్ అన్న కావచ్చు, మ్యూజియంలో ఒక అక్క కావచ్చు, ఇంట్లో అవ్వ కావచ్చు. మూడో గడి ఖాళీగా వదలవద్దు. తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకున్నప్పుడు వాళ్ల పేరు చెప్పడం కూడా చదువే.

పది పేర్లు చాలు. గూగుల్‌లో వెతికి నింపవద్దు. సెలవుల తర్వాత స్కూలు తెరిచిన మొదటి వారంలో క్లాస్ టీచర్‌కు ఇస్తే అన్నీ కలిపి గోడమీద అతికిస్తాం. అడవికి వెళ్లలేని పిల్లలు మన ఊరి చెట్లతోనే నింపవచ్చు. వాటికి మార్కులు ఉండవు.

క్షేమంగా వెళ్లి రండి. సంక్రాంతి శుభాకాంక్షలు.